తోక మీది నంబరు ఏం చెబుతుంది?

బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరం రన్‌వేగా కూడా పనికొచ్చేలా ఉంటుంది. అత్యవసరమైతే విమానాలు దిగడానికి అక్కడ 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పట్టీ వేశారు. 2024 మార్చి 18న వైమానిక దళం దాన్ని పరీక్షించింది. సుఖోయ్, హాక్ విమానాలు రోడ్డుకు బాగా దగ్గరగా వచ్చి అలాగే పైకి లేచిపోయాయి. ఏఎన్-32, డోర్నియర్ మాత్రం రోడ్డు మీద దిగి, మళ్లీ ఎగిరాయి. ఇలాంటి దృశ్యం చూసిన ఎవరికైనా మొదట వచ్చే సందేహం ఒకటే: ఇది ఎవరి విమానం? ఏ పని మీద వచ్చింది?

రెండో ప్రశ్నకు చాలాసార్లు బయటివాళ్లకు జవాబు దొరకదు. మొదటిదానికి మాత్రం విమానమే జవాబు రాసుకుని తిరుగుతుంది. రంగుల్ని బట్టి ఊహించబోతే పొరపాటు పడతాం. తెల్లరంగు వేసిన చిన్న జెట్ ముఖ్యమంత్రిదీ కావచ్చు, అద్దె కంపెనీదీ కావచ్చు. తోక దగ్గరో, వెనుక భాగంలోనో ఉండే అక్షరాలు, అంకెలు అలా మోసం చెయ్యవు. వాటిని చదవడం కష్టమైన విద్యేమీ కాదు. అవి యజమాని పేరుతో ఆగవు. ఆ విమానానికి రేపు ఏదైనా జరిగితే ఏ చట్టం కింద, ఎవరు, ఎవరికి జవాబు చెప్పాలో కూడా వాటిని బట్టే తేలుతుంది. నా దృష్టిలో అసలు విలువ అక్కడే ఉంది.

ముందు పౌర విమానాల సంగతి. 1944లో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం ప్రకారం దేశాల మధ్య ఎగిరే ప్రతి పౌర విమానానికీ జాతీయ గుర్తు, రిజిస్ట్రేషన్ గుర్తు ఉండాలి. ఆ గుర్తు ఎలా ఉండాలో ఒప్పందానికి చేర్చిన ఏడో అనుబంధం వివరంగా చెబుతుంది. రోమన్ పెద్ద అక్షరాలు, అలంకారాలు లేకుండా. విమానం పక్క భాగం మీదో, నిలువు తోక మీదో రాస్తే కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తు. రెక్క కింద రాస్తే కనీసం 50 సెంటీమీటర్లు. ఆపద సంకేతాలతో పొరబడకుండా 'ఎస్ఓఎస్', 'పాన్' లాంటి కూర్పులు వాడకూడదు. ఇవి చాలవన్నట్టు, అదే గుర్తు చెక్కిన పలక ఒకటి ప్రధాన ద్వారం దగ్గర బిగించి ఉండాలి. మంటలను తట్టుకునే లోహంతోనో, అలాంటి మరో పదార్థంతోనో దాన్ని చెయ్యాలి. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

భారతదేశానికి జాతీయ గుర్తు 'వీటీ'. ఆ తరువాత ఒక అడ్డగీత, మూడు అక్షరాలు. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన పుస్ మాత్ విమానం గుర్తు వీటీ-ఏడీఎన్. వీటీ బదులు మన దేశం పేరుకు దగ్గరగా ఉండేదేదైనా తీసుకోకూడదా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ఈ గుర్తులు రేడియో పిలుపు సంకేతాల కేటాయింపు నుంచి వచ్చాయి. 'ఐ' ఇటలీకి, 'బి' చైనాకు ఎప్పుడో వెళ్లిపోయాయి. అమెరికాది 'ఎన్', శ్రీలంకది '4ఆర్', నేపాల్‌ది '9ఎన్', యూఏఈది 'ఏ6'. మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది 'ఏపీ'. గల్ఫ్ విమానాశ్రయాల్లో తోక మీద 'ఏపీ-' అని కనిపిస్తే అది పాకిస్తాన్‌లో రిజిస్టరైన విమానం. ఆంధ్రప్రదేశ్‌కు దానితో ఏ సంబంధమూ లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హెలికాప్టర్ గుర్తు తెలుగువాళ్లు ఎవరూ మరిచిపోలేనిది: వీటీ-ఏపీజీ. బెల్ 430 రకం. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేటలో లేచి చిత్తూరు జిల్లాకు బయలుదేరింది. లోపల ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు. నల్లమల మీద మబ్బుల్లో దాని జాడ పోయింది. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. అది ప్రభుత్వం కొన్నది, ప్రభుత్వ పనికే ఎగిరింది, అయినా దాని గుర్తు వీటీతో మొదలైంది. అంటే చట్టం దృష్టిలో అది పౌర విమానమే. దాని పేరు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) రిజిస్టరులో ఉంది. ఎగరడానికి అర్హత పత్రం, పైలట్ల లైసెన్సులు, నిర్వహణ నియమాలు అన్నీ ఒక ప్రైవేటు కంపెనీ హెలికాప్టర్‌కు ఉన్నట్టే దానికీ వర్తిస్తాయి. అందుకే ప్రమాదం మీద పౌర విమానయాన శాఖ ఆర్.కె. త్యాగి నేతృత్వంలో విచారణ కమిటీ వేసింది. ఆ నివేదిక బయటికి వచ్చింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా వచ్చినట్టు హెచ్చరిక వెలిగిందనీ, దానికి ఏం చెయ్యాలో పైలట్లు పుస్తకంలో ఆరు నిమిషాలకు పైగా వెతికారనీ, ఈలోగా వాతావరణం చెడ్డ చోట చిక్కుకుని, కిందికి తోసే బలమైన గాలిలో హెలికాప్టర్ అదుపు తప్పిందనీ జనానికి తెలిసిందంటే ఆ నివేదిక వల్లే. నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు ప్రశ్నించారు. రెండింటికీ చేతిలో కాగితం ఉంది.

దీని పక్కన మరొక ప్రమాదాన్ని పెట్టి చూడండి. 2021 డిసెంబరు 8న తమిళనాడులో కూనూరు దగ్గర వైమానిక దళం హెలికాప్టర్ కూలింది. ఎంఐ-17 వీ5 రకం, నంబరు జడ్‌పీ 5164. త్రివిధ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన భార్య, మన చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ సహా అందులో ఉన్న 14 మందీ చనిపోయారు. అక్కడా కొండలే, అక్కడా మబ్బులే. కానీ నంబరు వీటీతో మొదలు కాలేదు. కాబట్టి విచారించింది త్రివిధ దళాల కోర్టు ఆఫ్ ఎంక్వైరీ. వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి పోయిందని, పైలట్‌కు దిశాభ్రాంతి కలిగిందని ప్రాథమిక నిర్ధారణల్ని 2022 జనవరిలో ఒక ప్రకటనలో చెప్పారు. ఇలాంటి విచారణల పూర్తి నివేదికల్ని జనం ముందు పెట్టడం సైనిక ఆనవాయితీ కాదు. ఒకే రకం దుఃఖం, ఒకే రకం ప్రశ్నలు. జవాబు ఎంతవరకు అందుతుందో తోక మీది మొదటి రెండు అక్షరాలతోనే తేలిపోయింది.

ఈ తేడాకు మూలం షికాగో ఒప్పందంలోని మూడో అధికరణం. ఆ ఒప్పందం పౌర విమానాలకే వర్తిస్తుందనీ, సైన్యం, కస్టమ్స్, పోలీసు పనుల్లో వాడేవాటిని రాజ్య విమానాలుగా లెక్కించాలనీ అది చెబుతుంది. రాజ్య విమానం ముందుగా అనుమతి తీసుకోకుండా మరో దేశం గగనతలంలోకి పోకూడదు. వినడానికి గీత స్పష్టంగానే ఉంది. ఆచరణలో అంత తిన్నగా ఉండదు. సరిహద్దు భద్రతా దళం పోలీసు తరహా దళమే. అయినా 2015 డిసెంబరు 22న ఢిల్లీ ద్వారక దగ్గర కూలి పదిమందిని బలిగొన్న దాని సూపర్‌కింగ్ విమానం వీటీ-బీఎస్ఏ. పౌర రిజిస్ట్రేషన్‌లో ఉన్న విమానం. అందుచేత 'ప్రభుత్వ విమానం' అన్న మాట ఒక్కటే విన్నప్పుడు తొందరపడకూడదు. డబ్బు ఎవరు పెట్టారన్నది ఒకటి, ఏ రిజిస్టరులో ఉందన్నది మరొకటి.

పౌర గుర్తు ఉన్న ప్రభుత్వ విమానాల్లో జనాన్ని కంగారుపెట్టేవి కొన్నున్నాయి. ఊరి విమానాశ్రయం మీద ఒక చిన్న విమానం దిగబోయినట్టే దిగి, దిగకుండా లేచి, మళ్లీ అదే దారిలో వస్తూ గంటల తరబడి తిరుగుతుంటే లోపల ఏదో చెడిపోయిందనుకుంటారు. దాని గుర్తు వీటీ-ఎఫ్ఐయూ అయితే నిశ్చింతగా ఉండొచ్చు. అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానం. రాత్రిపూట, మబ్బులో విమానాలకు రన్‌వే దారి చూపే రేడియో పరికరాలు సరిగ్గా పలుకుతున్నాయో లేదో కొలవడమే దాని ఉద్యోగం. అలాగే మనకు బాగా దగ్గరలో, బేగంపేట నుంచి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సర్వే విమానాలు ఎగురుతుంటాయి. పొలం దున్నినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు సమాన దూరాల్లో గీతలు గీసినట్టు పోతాయి. కెమెరాకు నేల ఎక్కడా తప్పిపోకూడదు కదా.

ఇక సైన్యం విమానాలు. వీటి మీద వీటీ ఉండదు. ముందు చూడవలసింది గుండ్రని ముద్ర. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు ఒకదానిలో ఒకటి. అది రెక్కల మీద, పక్క భాగాల మీద ఉంటుంది. తోక మీద అవే మూడు రంగుల నిలువు పట్టీలు. ఆ తరువాత సీరియల్ నంబరు. వైమానిక దళం రవాణా విమానాల్లో పాతవి చాలావరకు 'కె' అక్షరంతో మొదలవుతాయి. తరువాత వచ్చినవాటిలో కొన్నిటికి రెండక్షరాలు కనిపిస్తాయి: సీ-130జే అయితే కేసీ 3801 నుంచి, పెద్ద సీ-17 అయితే సీబీ 8001 నుంచి, కొత్త సీ-295 అయితే సీఏ 7101 నుంచి. హెలికాప్టర్లలో ఎక్కువ 'జడ్'తో మొదలవుతాయి. కూనూరులో కూలినదాని జడ్‌పీ అలాంటిదే. నంబరు చదవలేనంత దూరంలో ఉంటే ఆకారం ఆదుకుంటుంది. రెండు ప్రొపెల్లర్ ఇంజన్లు రెక్కకు కింద వేలాడకుండా రెక్క మీద ఎత్తుగా కూర్చుని ఉంటే అది ఏఎన్-32. కొరిశపాడులో దిగినవాటిలో ఒకటి అదే.

రఫేల్ అక్షరాల వెనుక మనుషులున్నారు. ఇద్దరు కూర్చునే రఫేల్‌కు 'ఆర్‌బీ', ఒక్కరు కూర్చునేదానికి 'బీఎస్'. మొదటిది ఎయిర్ చీఫ్ మార్షల్ ఆర్.కె.ఎస్. భదౌరియా పేరు నుంచి, రెండోది ఆయన ముందు దళాధిపతి బి.ఎస్. ధనోవా పేరు నుంచి వచ్చాయి. అన్ని అక్షరాలకూ ఇలాంటి కథ ఉంటుందనుకోకూడదు.

విశాఖపట్నంలో చూస్తే లెక్క ఇంకా తేలిక. నౌకాదళం విమానాల నంబర్లు 'ఐఎన్'తో మొదలవుతాయి. తీర రక్షక దళానివి 'సీజీ'తో. ఐఎన్ఎస్ డేగా నుంచి లేచే డోర్నియర్‌కూ, తీర రక్షక దళం డోర్నియర్‌కూ ఆకారంలో తేడా లేదు. రెండూ కాన్పూర్‌లో హెచ్ఏఎల్ కట్టినవే. ఆ రెండక్షరాలు చూస్తేగాని ఏది ఎవరిదో చెప్పలేం. సముద్రం మీద పెద్ద జెట్ ఒకటి, చూడ్డానికి అచ్చం ప్రయాణికుల బోయింగ్ 737లా, కిటికీలు మాత్రం దాదాపు లేకుండా బూడిద రంగులో కనిపిస్తే అది పీ-8ఐ. జలాంతర్గాముల్ని వెతికే విమానం. అరక్కోణం, గోవాల్లో ఉంటుంది. వాటి నంబర్లు ఐఎన్ 320తో మొదలు. దానికి ముందు ఆ పని చేసిన టీయూ-142 ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. 29 ఏళ్లు సేవ చేసి 2017లో విరమించుకున్న రకం. నేల మీద, చేతికందే దూరంలో సైనిక విమానం మీది గుర్తుల్ని తీరిగ్గా చదవడం నేర్చుకోవాలంటే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఎవరూ వద్దనరు.

సైనిక నంబరుకు బహిరంగ రిజిస్టరు లేదు. అయినా కొన్ని నంబర్లు వార్తల్లోకి వచ్చి అక్కడే నిలిచిపోతాయి. కె 2743 అలాంటిది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన ఏఎన్-32, లోపల 29 మంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. బంగాళాఖాతం మీద మాయమైంది. ఎంత వెతికినా దొరకలేదు. ఏడేళ్లు దాటాక, 2024 జనవరిలో, చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని రక్షణశాఖ ప్రకటించింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనుషులు లేని జలాంతర్గామి వాహనాన్ని పంపి తీయించిన ఫొటోల్లో అవి బయటపడ్డాయి. ఆ గుర్తింపు ఎలా జరిగిందో చూడండి. శకలాల తీరు ఏఎన్-32తో సరిపోయింది. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయిన దాఖలా లేదు. ఈ రెండూ కలిపి కె 2743 అని తేల్చారు. విమానం గుర్తింపులో ఎప్పుడూ ఇంతే. ఒక్క ఆధారం చాలదు. ఆకారం, చోటు, కాలం, నంబరు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి.

నంబరుతో కలిపి గందరగోళపడేది కాల్‌సైన్. 'ఎయిర్ ఫోర్స్ వన్' ఒక విమానం పేరనుకుంటారు చాలామంది. అమెరికా అధ్యక్షుడు వైమానిక దళానికి చెందిన ఏ విమానంలో ఎక్కినా రేడియోలో దాన్ని పిలిచే పేరు అది. ఆయన దిగిపోతే పేరూ దిగిపోతుంది. 1974 ఆగస్టు 9న రాజీనామా చేసిన నిక్సన్ కాలిఫోర్నియా పోతున్నారు. విమానం మిస్సోరీ మీద ఉండగా వాషింగ్టన్‌లో కొత్త అధ్యక్షుడిగా ఫోర్డ్ ప్రమాణం చేశారు. ఆ నిమిషం నుంచి గాలిలోనే అది 'శామ్ 27000' అయింది. 27000 దాని తోక మీది నంబరు. పదవి మారింది, పిలుపు మారింది, నంబరు ఉన్నచోటే ఉంది.

అమెరికా వైమానిక దళం నంబర్లలో మరో సౌకర్యం ఉంది. అవి ఆర్థిక సంవత్సరంతో మొదలవుతాయి. తోక మీద రాసేటప్పుడు దశాబ్దం అంకె వదిలేస్తారు. 90003 అని ఉన్న సీ-32 అసలు నంబరు 99-0003. ఇక్కడ జాగ్రత్త అవసరం. 90015 అసలు నంబరు 09-0015. తోక మీది '9' ఒకటే, మధ్యలో పదేళ్లు. అధ్యక్షుడి రెండు పెద్ద విమానాలు ఇంకా తికమక పెడతాయి. 28000, 29000 అని చూసి 1982, 1992 అని లెక్క కట్టేవాళ్లున్నారు. రెండూ 1990లోనే చేరాయి. వెనకటి 26000, 27000కు వరుస కుదరాలని ఎంచి పెట్టిన నంబర్లవి. నియమం తెలిసినవాడికి దాని మినహాయింపు కూడా తెలియాలి.

ఇప్పుడు ఫోన్లో విమానాల యాప్ ఉంటే చాలు, తల పైకెత్తే పని కూడా లేదు. విమానం ఉనికిని రేడియో సంకేతంగా పంపే పరికరం ట్రాన్స్‌పాండర్. ప్రతి విమానం ట్రాన్స్‌పాండర్‌కూ 24 బిట్ల అంతర్జాతీయ కోడ్ ఉంటుంది. భారత్‌కు కేటాయించినవన్నీ 80, 81, 82, 83తో మొదలవుతాయి. యాప్‌లో పేరు, కాల్‌సైన్ ఖాళీగా ఉన్నా ఆ కోడ్ కనిపిస్తే దేశం తెలిసిపోతుంది. 2022 ఆగస్టు 2న అమెరికా నాయకురాలు నాన్సీ పెలోసీ తైపే వెళ్లినప్పుడు 'స్పార్ 19' అనే కాల్‌సైన్‌ను, అది దిగే వేళకు, ఒక్క ఫ్లైట్‌రాడార్ 24లోనే 7,08,000 మంది చూస్తున్నారు. అంతమంది చూసిందీ ఒక సైనిక విమానాన్నే. అయితే సైనిక విమానం ఎప్పుడైనా ఆ సంకేతం ఆపెయ్యొచ్చు. యాప్‌లో లేదు కాబట్టి ఆకాశంలో లేదు అనుకోవడం పొరపాటు. ఒక విమానం ఫలానా ఊళ్లో దిగింది కాబట్టి ఫలానా నాయకుడు వచ్చేశాడనుకోవడం మరింత పెద్ద పొరపాటు. నంబరు విమానం సంగతి చెబుతుంది, లోపలి సీట్లో ఎవరున్నారో చెప్పదు. ఎన్నికల రోజుల్లో అద్దె జెట్ల వీటీ గుర్తులు పట్టుకుని రిజిస్టరు వెతికితే దొరికేది అద్దెకిచ్చిన కంపెనీ పేరే.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. వైమానిక, నౌకా స్థావరాల దగ్గర అనుమతి లేకుండా ఫొటోలు తియ్యడం నేరం. 2025 ఏప్రిల్ 26న సమాచార, ప్రసార శాఖ సైనిక కదలికల్ని ప్రత్యక్షంగా చూపవద్దని ప్రసార సంస్థలకు, సామాజిక మాధ్యమాలు వాడేవారికి సూచనలిచ్చింది. దుండిగల్ వైమానిక దళ అకాడమీ దగ్గర ఉండేవాడికి ఇంటి మీద రోజూ శిక్షణ విమానాలు కనిపిస్తాయి. చూసి గుర్తుపట్టడంలో తప్పేమీ లేదు. ఉద్రిక్తత ఉన్న రోజుల్లో 'ఇప్పుడే ఇటు వెళ్లింది' అని నంబరుతో సహా లోకానికి చాటడం వేరు.

ఈ చదువు వల్ల రోజువారీ ఉపయోగం ఎక్కువగా కనిపించేది పాత ఫొటోల విషయంలో. ప్రధానమంత్రి, రాష్ట్రపతి వాడే రెండు బోయింగ్ 777 విమానాలు 2018లో ఎయిర్ ఇండియాకు వచ్చాయి. అప్పుడు వాటి గుర్తులు వీటీ-ఏఎల్వీ, వీటీ-ఏఎల్‌డబ్ల్యూ. కొన్ని నెలలు మామూలు ప్రయాణికుల్ని మోశాయి. తరువాత మార్పుల కోసం బోయింగ్‌కు తిరిగి వెళ్లి 2020 అక్టోబరులో కొత్త రూపంతో వచ్చాయి: ముందు ద్వారం దగ్గర అశోక చిహ్నం, హిందీలో 'భారత్', ఇంగ్లీషులో 'ఇండియా', తోక మీద జాతీయ పతాకం. ఇప్పుడు వైమానిక దళం పైలట్లు నడుపుతారు. నంబర్లు కె 7066, కె 7067. కాబట్టి నేటి విదేశీ పర్యటన అంటూ ఎవరైనా పంపిన ఫొటోలో ఎయిర్ ఇండియా రంగులు, వీటీ-ఏఎల్వీ కనిపిస్తే, ఆ ఫొటో 2020 అక్టోబరుకు ముందటిది.